వాటర్‌ప్రూఫ్ నగలు కొనొచ్చా? ముందు కొక్కెం చూడండి

మీరు అడిగింది ఇదీ: ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీవాళ్లు "వాటర్‌ప్రూఫ్, యాంటీ టార్నిష్, 18 క్యారెట్ గోల్డ్ పీవీడీ" అంటూ స్టీలు నల్లపూసల గొలుసు 1,899 రూపాయలకు అమ్ముతున్నారు. మీది హైదరాబాద్‌లో ఉద్యోగం. వారానికి మూడు రోజులు ఈతకు వెళ్తారు, చెమట ఎక్కువ. ఇంతకుముందు కొన్న వన్ గ్రామ్ గొలుసులు రెండూ మూడు నెలలు తిరక్కుండానే నల్లబడ్డాయి. ఇదైనా ఆగుతుందా, లేక ఇదీ దండగేనా?

సాదా స్టీలు గొలుసైతే కొనుక్కోండి. మీరు లింకు పెట్టిన ఆ నల్లపూసలది మాత్రం వద్దు.

ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక నుంచి రావాలి. నాది బందరు. ఇరవై రెండేళ్లుగా పూత పనిలోనే ఉన్నాను. మొదట్లో తొట్టి దగ్గర, ఇప్పుడు సొంత షాపు. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ పేరు మీరు వినే ఉంటారు, ఆ బాపతే. స్టీలు నగలొచ్చాక మా బేరాలు తగ్గినమాట నిజం. అందుకని వాటిమీద అక్కసుతో రాస్తున్నాననుకోకండి. మా ఇంట్లో ఆవిడ మెడలోనే ఒక స్టీలు గొలుసు ఉంది, దాని సంగతీ చెబుతాను.

ముందు ఆ "వాటర్‌ప్రూఫ్" అన్న మాట సంగతి. నగలకు సంబంధించి దానికి కొలత అంటూ ఏమీ లేదు. వాచీలకు ఉంది. చాలా వాచీ కంపెనీలు వాటర్‌ప్రూఫ్ అని రాయడం మానేశాయి, వెనక మూత మీద "వాటర్ రెసిస్టెంట్ 50 మీటర్లు" అని అంకె వేస్తాయి. దానికి ఐఎస్‌వో 22810 అనే ప్రమాణం ఉంది, పరీక్ష ఉంది. గొలుసుకు ఏ పరీక్షా లేదు. అమ్మేవాడు రాసుకున్నదే ప్రమాణం. పైగా ఈ ఒక్క పేరుతో మూడు నాలుగు రకాల సరుకు నడుస్తోంది. కొన్నవాళ్లలో ఒకరు "రెండేళ్లయినా చెక్కు చెదరలేదు" అంటారు, ఇంకొకరు "పది రోజులకే పోయింది" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతారు. కాకపోతే కొన్నది ఒకే వస్తువు కాదు.

ఎక్కువగా కనబడే రకం ఇత్తడి మీద పూత. మేం చేసేదీ ఇదే. ఇత్తడి లేదా రాగి తీగతో గొలుసు అల్లుతారు, మడ్డి పోయేలా కడుగుతారు, నికెల్ పూత వేస్తారు, ఆపైన బంగారం తొట్టిలో కాసేపు ముంచి తీస్తారు. ఆ "కాసేపు"లోనే ఉంది అంతా. దానిమీద కంటికి కనబడని లాకర్ ఒకటి కొడతారు, వార్నిష్ లాంటిది. ఈమధ్య దీనికి నానో కోటింగ్, ఈ-కోటింగ్ అని కొత్త పేర్లొచ్చాయి. ఆ లాకర్ ఉన్నన్నాళ్లు నీళ్లు లోపలికి పోవు, నిజమే. కానీ సెంటు, శానిటైజర్ రెండూ దానికి పడవు. వాటిలోని స్పిరిట్‌కు లాకర్ మెత్తబడి ఎక్కడో ఒకచోట పొరలాగా లేస్తుంది. ఇక అక్కడి నుంచి చెమట లోపలికి దిగుతుంది.

బంగారం ఎంత పడుతుందో లెక్క చూపిస్తాను, దీనివల్ల మీకు చాలా అర్థమవుతుంది. మామూలు గొలుసుకు పైభాగమంతా కలిపి 30 చదరపు సెంటీమీటర్లు ఉందనుకోండి. దాని మీద ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన స్వచ్ఛమైన బంగారం పూస్తే పట్టేది 58 మిల్లీగ్రాములు. గ్రాములో పదహారో వంతు కంటే కొంచెం తక్కువ. చవక సరుకులో మైక్రాన్ కూడా ఉండదు, అందులో పదో వంతు ఉంటే గొప్ప. అంటే ఆరు మిల్లీగ్రాములు. మన తలవెంట్రుక మందమే 50 నుంచి 100 మైక్రాన్ల దాకా ఉంటుంది, దాని ముందు ఇదెంతో మీరే ఊహించుకోండి. వన్ గ్రామ్ గోల్డ్ అంటే గొలుసులో గ్రాము బంగారం ఉందని ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు, అందుకే ఇంత విడమరిచి రాశాను. అమెరికాలోనైతే "గోల్డ్ ఎలక్ట్రోప్లేట్" అనడానికి కనీసం 0.175 మైక్రాన్లు, "హెవీ" అని చేర్చడానికి 2.5 మైక్రాన్లు ఉండాలని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాల్లో ఉంది. ఇక్కడ పెట్టె మీద "మైక్రో ప్లేటింగ్" అని కొట్టిస్తే సరిపోతుంది.

నీళ్ల విషయానికొస్తే, ఉత్త మంచినీళ్లతో ఏ గొలుసుకూ పెద్దగా ప్రమాదం లేదు. ఆ నీళ్లలో ఏం కలిసిందన్నదే లెక్క. సముద్రంలో ఉప్పు, ఈతకొలనులో క్లోరిన్, స్నానంలో సబ్బు, షాంపూ. వీటన్నిటి కంటే చెమట మొండిది. ఉప్పూ ఉంటుంది, పులుపూ ఉంటుంది, పైగా స్నానం నీళ్లలాగా పది నిమిషాల్లో పోదు, రోజంతా మెడకు అంటుకునే ఉంటుంది. విజయవాడ ఎండల్లో మే నెల ఒక్కటీ దాటితే ఆ గొలుసుకు ఆయుష్షు ఉన్నట్టే.

కార్తీక పౌర్ణమికి మా దగ్గర మంగినపూడి బీచ్‌లో సముద్ర స్నానాలకు జనం విరగబడతారు. మర్నాడు షాపు తీసేసరికి ఇద్దరు ముగ్గురైనా గొలుసు పొట్లం కట్టుకుని వస్తారు. ఒకావిడైతే పొట్లం విప్పి బల్ల మీద పరిచి, "నిన్న పొద్దున బాగానే ఉందయ్యా, రాత్రికి ఇట్లా అయింది" అంది. చూస్తే గొలుసు తీగ బాగానే ఉంది. లంకెకీ లంకెకీ మధ్య అతుకుల దగ్గర మాత్రం ఆకుపచ్చగా చిలుము కట్టింది. పూత అతుకుల దగ్గరే పలచగా పడుతుంది, ఉప్పునీళ్లు నిలిచేదీ అక్కడే. ఇంటికెళ్లి మంచినీళ్లతో కడిగి గుడ్డతో తుడిచి ఉంటే అంత అయ్యేది కాదు. దాని పెట్టె మీద "వాటర్‌ప్రూఫ్" అనే ఉంది, అదీ నా షాపులో కొన్నదే. మారు మాట్లాడకుండా వేరేది ఇచ్చి పంపాను. ఆ పెట్టెలు కొట్టించడం ఆ తర్వాత మానేశాను.

ఇప్పుడు మీరడిగిన స్టీలు రకానికి వద్దాం. దీంట్లో సరుకుంది. 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం 16 నుంచి 18 శాతం, నికెల్ 10 నుంచి 14, మాలిబ్డినం 2 నుంచి 3 శాతం ఉంటాయి. క్రోమియం గాలి తగలగానే పైన తనంతట తానే సన్నని పొర కట్టుకుంటుంది. గీత పడినా ఆ పొర మళ్లీ కడుతుంది, అందుకే తుప్పు పట్టదు. మాలిబ్డినం వల్ల ఉప్పుకూ క్లోరిన్‌కూ కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. మన వంటింటి గిన్నెల్లో మంచివి 304 రకం, వాటిలో ఈ మాలిబ్డినం ఉండదు.

రంగు వేసే పద్ధతి కూడా వేరు, దాన్నే పీవీడీ అంటారు. తొట్టి లేదు, ద్రావకం లేదు. గాలి తీసేసిన గదిలో టైటానియం లోహాన్ని ఆవిరి చేసి, నైట్రోజన్ వదులుతారు. రెండూ కలిసి టైటానియం నైట్రైడ్‌గా మారి నగ మీద పేరుకుంటాయి. దాని రంగే బంగారపు పసుపు. మెకానిక్ షాపులో పసుపు రంగు డ్రిల్ బిట్లు చూశారా? అదే పూత. ఇనుములో రంధ్రం వేసేదాన్ని కాపాడే పూత ఎంత గట్టిదో వేరే చెప్పక్కర్లేదు. నగలకైతే చాలాసార్లు దానిమీద రంగు కుదరడం కోసం అసలు బంగారం పలచగా చల్లుతారు. "18 క్యారెట్ గోల్డ్ పీవీడీ" అన్నది ఆ పలచని పొర గురించే. గొలుసు గురించి కాదు. నిజం బంగారమైతే బీఐఎస్ హాల్‌మార్క్ గుర్తు, స్వచ్ఛత అంకె, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు ఉంటాయి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలొస్తాయి. స్టీలు గొలుసు మీద 18కే అని చెక్కి ఉన్నా దాన్ని అలంకారం కిందే జమ కట్టండి.

ఇక మా ఆవిడ గొలుసు. ఒకటిన్నర సంవత్సరమైంది. వంట, అంట్లు, స్నానం, నిద్ర, ఎప్పుడూ తీయదు. ముందు వైపు ఇవాళ్టికీ కొత్తదానిలాగే ఉంది. వెనక, మెడ దగ్గర జుట్టు కింద మాత్రం రెండంగుళాల మేర పసుపు పోయి తెల్లగా స్టీలు కనబడుతోంది. నీళ్ల వల్ల పోలేదది. పుస్తెలతాడూ ఆ గొలుసూ అక్కడ ఒకదానిమీద ఒకటి రాత్రింబవళ్లు రాసుకుంటాయి. నేను చూసుకోవాల్సింది ఆ స్టీలు గొలుసును కాదని అప్పుడు తెలిసొచ్చింది, పక్కనున్న తాడును. 22 క్యారెట్ బంగారం మెత్తన, ఆ పూత పలచనే అయినా డ్రిల్ బిట్టు పూత. రెండూ రాసుకుంటే ఎక్కువ అరిగేది బంగారమే. భూతద్దం పెట్టి చూస్తే తాడు మెలికలు ఒకపక్క చదునుగా అయ్యాయి. పది గ్రాములు లక్ష దాటిన రోజుల్లో వెయ్యి రూపాయల గొలుసు కోసం ఎవరైనా తాడు అరగదీసుకుంటారా? ఆ రోజు నుంచీ రెండూ కలిపి వేసుకోవద్దన్నాను. వింటే కదా, అది వేరే సంగతి.

కొక్కెం సంగతి మాత్రం కచ్చితంగా పట్టించుకోండి. పోయినేడు షాపులో ఒక సీసాలో ఉప్పునీళ్లు పోసి స్టీలు గొలుసు ఒకటి వేలాడదీశాను, కొనేవాళ్లకు చూపిద్దామని. రెండు వారాలకు గొలుసు బాగానే ఉంది, కొక్కెం మూతి దగ్గర నుంచి మాత్రం గోధుమరంగు చార ఒకటి దిగింది. విప్పి చూస్తే లోపలి స్ప్రింగు తుప్పు. గొలుసంతా 316ఎల్ అయి ఉండొచ్చు, కొక్కెం వేరే చోట చవగ్గా కొని తగిలించారు. స్ప్రింగు విరిగితే గొలుసు జారిపోతుంది, ఈతకొలనులో అయితే దొరకను కూడా దొరకదు. కొక్కేన్ని గొలుసుకు తగిలించే చిన్న రింగులు కూడా చూడండి. చాలావాటిలో అది నొక్కి మూసింది మాత్రమే, అతికింది కాదు. గోరు పెట్టి లాగితే సందు కనబడుతుంది.

తెగితే ఏం చేయాలన్నది ఇంకో చిక్కు. మీ వీధి చివర కంసాలి దగ్గరికి తీసుకెళ్తే ఆయన తల అడ్డంగా ఊపుతాడు. స్టీలుకు మామూలు టంకం పట్టదు, మంట తగిలితే రంగు మాడిపోతుంది. లేజర్ వెల్డింగ్ ఉన్నచోట అతకొచ్చు, ఆ కూలికి కొత్తదే వస్తుంది. రంగు పోయిందని మా దగ్గరికి తెచ్చినా మామూలు తొట్టిలో వేసి ఇవ్వలేం. ఇత్తడి గొలుసైతే కడిగి మళ్లీ పూత వేస్తాం, మా రోల్డ్ గోల్డ్‌కున్న సుఖం అదొక్కటి. ఉంగరమైతే ఇంకాస్త ఆలోచించండి. స్టీలు ఉంగరం సైజు పెంచడం దాదాపు కుదరదు, వేలు వాచి ఇరుక్కుంటే కోయడానికీ బంగారం కన్నా కష్టం. కొంచెం వదులుగానే తీసుకోండి.

కొందరికి ఒంటికి పడదు. స్టీలులో నికెల్ ఉన్నా చాలావరకు బయటికి రాదు, అందుకే చాలామందికి ఇబ్బంది ఉండదు. ఐరోపాలో అయితే ఒంటికి తగిలే వస్తువు నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ నికెల్ రాకూడదని, చెవి, ముక్కు కుట్టిన చోట పెట్టేవాటికి 0.2 దాటకూడదని నిబంధన. ఇత్తడి సరుకులో మాత్రం మేమే నికెల్ పూత వేస్తాం, పైపొర అరిగితే అది నేరుగా చర్మానికి తగులుతుంది. మీకు నల్లబడ్డ గొలుసులతో దురద, ఎర్రబడటం ఉండేదా? ఉండి ఉంటే ముందు చవక స్టీలు కమ్మలొకటి నాలుగు రోజులు పెట్టుకుని చూడండి. పిల్లలకు కొత్తగా చెవులు కుట్టిస్తే మాత్రం ఇలాంటి ప్రయోగాలొద్దు, బంగారం తీగ పెట్టండి.

రాళ్లూ ముత్యాలూ ఉన్న నగకు "వాటర్‌ప్రూఫ్" అని రాసి ఉంటే ఆ పేజీ మూసేయండి. కుందన్‌లో రాయి వెనక మెరుపు రేకు ఉంటుంది, తడి చేరితే రాయి గుడ్డిదైపోతుంది. ముత్యం సున్నపు జాతిది, చెమటా సెంటూ దాని మెరుపు తినేస్తాయి, తడిసిన దారం సాగుతుంది. చవక సెట్లలో రాళ్లు జిగురు మీదే నిలబడతాయి. వేణ్నీళ్ల స్నానం నాలుగుసార్లు చేస్తే ఒకటి ఊడి జాలీలోకి పోతుంది, ఆ సెట్టుకు అదే ముహూర్తం.

ఇప్పుడు మీ నల్లపూసల గొలుసు. మీరు పెట్టిన ఫొటో పెద్దది చేసి చూశాను. పూసపూసకీ తీగ దూర్చి రెండు చివరలా కొస మెలిపెట్టారు, పూసకు అటూ ఇటూ పసుపు రంగు టోపీలున్నాయి. ఇలాంటి అల్లికలో పూసలు గాజువో ప్లాస్టిక్‌వో ఉంటాయి, టోపీలు ఎక్కువగా ఇత్తడివి. "స్టీలు" అన్నమాట మధ్యలో ఉన్న గొలుసు ముక్కకే వర్తిస్తుంది. పూస రంధ్రంలో దూరిన క్లోరిన్ నీళ్లు బయటికి ఆరవు, తీగ లోపలే నానుతుంది. పూసకు నలుపు పైన పూసిన రంగైతే అదీ పోయి బూడిదరంగు తేలుతుంది. నాలుగైదు నెలలు దాటితే నాకు ఆశ్చర్యమే. అదే డబ్బు పెడితే సాదా స్టీలు గొలుసులు రెండొస్తాయి. నా లెక్కలో సాదా గొలుసుకు 600 నుంచి 1,200 న్యాయమైన ధర. రెండు వేలు దాటి అడుగుతుంటే మీరు కడుతున్నది పెట్టెకూ ప్రకటనకూ. తిరిగి అమ్మితే పైసా రాదు, అది మనసులో పెట్టుకునే కొనండి.

పార్శిల్ వచ్చాక ఒక పని చేయండి. కొక్కెం వెనక, ఎవరికీ కనబడని చోట సూదిమొనతో గట్టిగా ఒక గీత గీయండి. లోపల తెల్లగా కనబడితే స్టీలు కావచ్చు. పసుపుగానో ఎర్రగానో కనబడితే ఇత్తడి, రాగి. తెల్లగా కనబడ్డా నికెల్ పూత కావచ్చు కాబట్టి ఇంకొంచెం లోతుగా గీయండి. అయస్కాంతం ఒక్కదాన్నే నమ్మొద్దు. గట్టిగా అతుక్కుంటే నాసిరకమని తెలుస్తుంది గానీ, ఇత్తడికీ అతుక్కోదు, మంచి స్టీలుకూ సరిగా అతుక్కోదు. తిరిగి పంపే ఆలోచన ఉంటే మాత్రం గీయకముందే చూసుకోండి, గీత పడ్డాక వాళ్లు వెనక్కి తీసుకోరు. వారంటీ అంటే కూడా దేనికో అడగండి. "రంగు పోతే" అని రాతపూర్వకంగా ఇస్తున్నారా, "తయారీ లోపం ఉంటే" అని తప్పించుకుంటున్నారా? రెండోదైతే అది వారంటీ కాదు.

కొన్నాక పెద్ద సేవలేమీ అక్కర్లేదు. ఈత అయ్యాక షవర్ కింద గొలుసును వేళ్ల మధ్య తిప్పుతూ మంచినీళ్లతో కడగండి, తువ్వాలుతో అద్దండి. సెంటు ముందు కొట్టుకుని గొలుసు తర్వాత వేసుకోండి. నెలకోసారి కుంకుడుకాయ పులుసు నీళ్లలో ముంచి మెత్తటి బ్రష్షుతో రుద్దితే సబ్బు జిడ్డు వదులుతుంది. చింతపండు, నిమ్మకాయ, పేస్టు పెట్టి తోమొద్దు.

"మెడ బోసిగా ఉండకూడదు, అత్తగారు ఊరుకోరు, అందుకే తీయకుండా ఉండేది కావాలి" అని కింద ఇంకో ముక్క రాశారు. అది అసలు సంగతి అనుకుంటాను. ఈత రోజుల్లో పసుపుతాడు వేసుకుని వెళ్లొచ్చు కదా. తడిస్తే ఆరుతుంది, పాతబడితే మార్చుకుంటారు, ఆవిడ కూడా కాదనలేరు. నల్లపూసలు బంగారంలోనే చేయించుకుని ఇంటి వరకు ఉంచుకోండి, బయటికీ ఈతకూ సాదా స్టీలు. ఇంకా ఆ పేజీలోనే ఏదైనా నచ్చితే, కొక్కెం దగ్గరగా కనబడేలా ఒక ఫొటో అడిగి తెప్పించి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. కొక్కెం ఫొటో పంపడానికి నసిగితే ఇక అడగక్కర్లేదు.